సకుటుంబంగా చూడదగ్గ ఊరు

"సకుటుంబంగా చూడదగ్గ చిత్రం" అని మన పోస్టర్ల మీద వేస్తుంటారు. దాని అర్థం అందరికీ తెలిసిందే. తాతగారికి నిద్ర రాదు, చంటాడు ఏడవడు, అమ్మ తల దించుకోవలసిన సీను ఉండదు. మరి సకుటుంబంగా చూడదగ్గ ఊరు ఏదండీ అంటే, ఈ శీర్షిక రాసేవాడిగా నా ఓటు రోమ్‌కి. లండన్ అభిమానులూ, పారిస్ అభిమానులూ కోప్పడకండి. వాళ్ళ వంతూ వస్తుంది.

ఎందుకీ మాట ఎత్తానంటే, మన పాఠకుల్లో చాలామంది ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరినవాళ్ళు. మొదటి బోనసు చేతికి రాగానే "అమ్మానాన్నల్ని ఒక్కసారి యూరప్ చూపించాలి" అనే కోరిక పుడుతోంది. మంచి కోరికే. కానీ ఆ "ఒక్కసారి" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. నిజంగా అది ఒక్కసారే కావచ్చు. నాన్నగారికి అరవై దాటుంటాయి, అమ్మ మోకాళ్ళు మెట్లు చూస్తేనే మూలుగుతుంటాయి. సినిమా ఫ్లాపయితే నిర్మాత ఇంకోటి తీసుకుంటాడు. ఈ ప్రయాణానికి రీటేకు లేదు. అందుకే స్క్రిప్టు ముందుగా, గట్టిగా రాసుకోవాలి.

ముందు ఒక గొడవ తేల్చేద్దాం. "పది రోజుల్లో ఏడు దేశాలు" అనే ప్యాకేజీలున్నాయి చూశారూ, అవి నాకు నచ్చవు. ట్రెయిలర్లు వరసగా ఏడు చూసొచ్చి ఏడు సినిమాలు చూశామన్నట్టుంటుంది. ఉదయం ఆరింటికి సూట్‌కేసు సర్దడం, రోజంతా బస్సులో కునికిపాట్లు, ఏదో ఒక చారిత్రక కట్టడం ముందు ఇరవై నిమిషాలు దింపి "ఫోటోలు తీసుకోండి" అనడం. వాటిలో ఒక సుగుణం లేకపోలేదు: సాయంత్రానికి పప్పన్నం పెడతారు, వీసా కాగితాల తలనొప్పి వాళ్ళే పడతారు. అసలు ఇల్లు కదలని పెద్దవాళ్ళకు అది తక్కువేం కాదు. అయినా నా మాట వింటే ఒకటే ఊరు, ఒకటే హోటలు, ఆరు రాత్రులు. సూట్‌కేసు ఒక్కసారి విప్పడం, ఒక్కసారి సర్దడం.

ఇక రోమే ఎందుకంటే, ఆ ఊరు మనం చూడకముందే మనకు సగం తెలుసు గనక. 1953లో విలియం వైలర్ "రోమన్ హాలిడే" తీశాడు. స్టూడియోలో సెట్లు వెయ్యకుండా యూనిట్‌నంతా తీసుకెళ్ళి ఇటలీలోనే తీశాడు. ఆడ్రీ హెప్‌బర్న్ రాకుమారి. తమ దేశపు రాయబార కార్యాలయం నుంచి పారిపోయి ఒక్కరోజు మామూలు పిల్లలా ఊరు తిరుగుతుంది. గ్రెగరీ పెక్ విలేఖరి. నాలాంటి విలేఖర్లందరికీ అప్పట్నుంచీ అసూయే! ఆ ఒక్క సినిమాకి హెప్‌బర్న్‌కి ఆస్కార్ వచ్చింది, వెస్పా స్కూటరుకి ప్రపంచ ఖ్యాతి వచ్చింది. ఆ వెస్పా మనకు పరాయిది కాదు సుమండీ. పియాజియో కంపెనీ 1946లో మొదలుపెట్టిన ఆ బండినే 1960 నుంచి బజాజ్ వాళ్ళు లైసెన్సు మీద ఇక్కడ తయారుచేశారు. మీ తాతగారు బజాజ్ స్కూటరు తొక్కి ఉంటే, దాని పుట్టింటికి ఆయన్ని తీసుకెళ్తున్నారన్నమాట.

మా పక్కింటి కుర్రాడు డిగ్రీ రెండో ఏడు. సినిమా పిచ్చి. వాళ్ళింట్లో రోమ్ అనుకోగానే నా దగ్గరకొక కాగితం తెచ్చాడు. మొత్తం ఇరవై ఒక్క లొకేషన్లు.

"రెండ్రోజుల్లో లాగించెయ్యొచ్చు కదన్నయ్యా?"

"మీ నాయనమ్మ వస్తోందా?"

"ఆవిడ లేకుండా నాన్న కదలరు."

"అయితే ఆ కాగితం ఆవిడ చేతికిచ్చి, ఇందులో ఆరు ఉంచి మిగతావి కొట్టెయ్యమను."

వాడి మొహం చూడాలి! సెన్సారు కత్తిరింపులకు గురైన దర్శకుడిలా అయిపోయాడు. కానీ కుటుంబ యాత్రకు సూత్రం అదే. అందరికంటే నెమ్మదిగా నడిచే పాదాలెవరివో, దర్శకత్వం వాళ్ళది. రోమ్ నడి ఊళ్ళో వీధులు నల్లరాతి దిమ్మెలతో పరిచి ఉంటాయి. "సంపియెత్రీనీ" అంటారు వాటిని. తెరమీద వాన పడ్డప్పుడు భలే మెరుస్తాయి. వాటిమీద రెండు కిలోమీటర్లు నడిస్తే మామూలు రోడ్డు మీద నాలుగు నడిచినట్టు. చక్రాల సూట్‌కేసు వాటిమీద లాగితే వీధంతా లేస్తుంది. కాబట్టి అమ్మకు కొత్త చీర కంటే ముందు మెత్తటి అట్ట ఉన్న బూట్లు కొనండి. ప్రయాణానికి నెలముందే కొని రోజూ వేసుకుని నడిపించండి. చీరమీద బూట్లేమిట్రా అంటారు. రోమ్‌లో ఎవరూ చూడరని చెప్పండి.

రోజుకు ఒక పెద్ద చోటు, ఒక చిన్న చోటు. మధ్యాహ్నం గదికొచ్చి నడుం వాల్చడం. సాయంత్రం మళ్ళీ బయటికి. అంతకు మించి పెట్టుకున్నవాళ్ళు మూడో రోజుకి ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరు.

పెద్ద చోట్లలో మొదటిది కొలీసియం. వెస్పేసియన్ చక్రవర్తి మొదలుపెట్టాడు, కొడుకు టైటస్ క్రీస్తుశకం 80లో ప్రారంభోత్సవం చేశాడు. దాదాపు యాభైవేలమంది కూచునేవారట. నేల టిక్కెట్టు, బాల్కనీ తేడాలు అప్పుడూ ఉన్నాయి. కింద వరసలు పెద్దమనుషులకి, పైపై వరసలు సామాన్యులకి. మనకు తిరగబడిన లెక్క! ఇక్కడ సినిమా రహస్యమొకటి చెప్పాలి. రిడ్లీ స్కాట్ "గ్లాడియేటర్" (2000) చూసి కొలీసియంలో ఆ రక్తం వెతుక్కునేరు. ఆ సినిమాకి కొలీసియాన్ని కొంతభాగం మాల్టాలో సెట్టు వేసి, మిగతాది కంప్యూటరు మీద కట్టారు. పోనీ బ్రూస్ లీ? 1972లో "వే ఆఫ్ ది డ్రాగన్"లో బ్రూస్ లీ, చక్ నోరిస్ తన్నుకునేది కొలీసియంలోనే. కొన్ని షాట్లు నిజంగా అక్కడే తీశారు గాని, ఆ ఫైటు ఎక్కువ భాగం హాంకాంగ్ స్టూడియోలో సెట్టు మీదే. అయినా అక్కడ నిలబడి గాలిలో ఒక తన్ను తన్నకుండా వచ్చిన మన కుర్రాడుంటే నాకు చూపించండి.

కొలీసియం టిక్కెట్టు పెద్దవాళ్ళకు 18 యూరోలు. దానితోనే పక్కనున్న ఫోరం, పాలటీన్ కొండ కూడా చూడొచ్చు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు డబ్బు లేదు గాని, టిక్కెట్టు మాత్రం తీసుకోవాలి. 2023 నుంచి టిక్కెట్టు మీద పేరుంటుంది, గుమ్మం దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. బ్లాకులో కొనే ఆశలు వదులుకోండి. నెలరోజుల ముందు ఆన్‌లైన్‌లో వదులుతారు. పెద్ద హీరో సినిమా మొదటి రోజు టిక్కెట్లకు కూచున్నట్టే కూచోవాలి, ఉదయం మొదటి వేళే పట్టాలి. ఫోరంలో రాళ్ళు ఎగుడుదిగుడు, నీడ తక్కువ. నాయనమ్మల్ని ఒక పక్కన కూచోబెట్టి మీరు తిరిగి రావడమే మర్యాద.

రెండోది వాటికన్. అది రోమ్ కడుపులో ఇమిడిపోయిన వేరే దేశం, మొత్తం 44 హెక్టార్లు. మ్యూజియం టిక్కెట్టు 20 యూరోలు, ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకుంటే మరో 5. ఆ అయిదూ పెట్టండి, లేకపోతే గోడ పొడుగునా క్యూలో గంటలు పోతాయి. లోపల మైళ్ళకొద్దీ నడక, చివర్న సిస్టీన్ చాపెల్. మైకెలాంజిలో ఆ పైకప్పు 1508 నుంచి 1512 దాకా వేశాడు. అక్కడ ఫోటో తియ్యనివ్వరు, పెద్దగా మాట్లాడనివ్వరు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. ఇది కుర్రకారుకే గాని, చీరకట్టిన అమ్మలకు బెంగలేదు. సెయింట్ పీటర్స్ చర్చిలోకి టిక్కెట్టు లేదు. గోపురం మీదికి మాత్రం మెట్లు 551. లిఫ్టు ఎక్కినా ఇంకా 320 మిగులుతాయి. ఎవరెక్కాలో ఇంట్లోనే తేల్చుకు వెళ్ళండి. మన కర్నూలు జిల్లా బిడ్డ, హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయింది ఇక్కడే. 2025 మేలో కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి సిస్టీన్ చాపెల్‌లో కూచున్నవాళ్ళలో ఆయనా ఒకరు. ఆ కప్పు కింద మన తెలుగాయన ఓటేశాడన్న మాట అమ్మకు చెప్పండి. మైకెలాంజిలో కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది.

చిన్న చోట్ల దగ్గరికొస్తే నాకు హుషారు. ట్రెవి ఫౌంటెన్ 1762లో పూర్తయింది. 1960లో ఫెలినీ "లా డోల్చే వీటా"లో అనీటా ఎక్‌బర్గ్ అర్ధరాత్రి అందులో దిగింది. మీరు దిగితే జరిమానా. నాణేలు వెయ్యండి, అవి పేదల సాయానికి పోతాయి. ఆ సినిమా హీరో మార్చెల్లో మాస్త్రోయాని 1996లో పోయినప్పుడు ఆ ఊరివాళ్ళు ఫౌంటెన్ నీళ్ళు ఆపి, నల్లబట్ట కప్పారు. ఒక నటుడికి ఊరు అలా సంతాపం చెప్పడం ఎంత బాగుందో చూడండి. అక్కడికి తెల్లవారుజామున వెళ్ళండి. పెద్దవాళ్ళెలాగూ నాలుగింటికే లేచి కూచుంటారు. మన టైముకీ వాళ్ళ టైముకీ చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర తేడా. ఆ నిద్రలేమిని ఇలా వాడుకోవాలి.

స్పానిష్ మెట్ల మీద హెప్‌బర్న్ ఐస్‌క్రీం తిన్న సీను మీకు గుర్తుండే ఉంటుంది. 2019 నుంచి ఆ మెట్ల మీద కూచోవడమే నిషేధం. పోలీసులు ఈల వేస్తారు, కాదంటే జరిమానా రాస్తారు. కింద నిలబడి చూసి, ఐస్‌క్రీం పక్కవీధిలో తినండి. "సత్యముఖం" అనే రాతిబిళ్ళ ఇంకొకటుంది, శాంతా మారియా ఇన్ కోస్మెదిన్ అనే చర్చి వసారాలో. అబద్ధాలాడేవాళ్ళు ఆ నోట్లో చెయ్యి పెడితే కొరికేస్తుందని నమ్మకం. సినిమాలో పెక్ చెయ్యి తెగినట్టు కోటు చేతిలో దాచేసి నటిస్తాడు. ముందుగా చెప్పలేదు గనక హెప్‌బర్న్ వేసిన కేక నిజం కేకే. నాన్నగారి చెయ్యి అందులో పెట్టించి అమ్మచేత ప్రశ్నలు అడిగించడం మీ ఇష్టం, మీ ఇంటి శాంతి!

పాంథియాన్ వదలకండి. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటి గోపురం, 43 మీటర్ల పైచిలుకు వెడల్పు, నడినెత్తిన ఆకాశానికి తెరిచిన కన్ను. వాన పడితే లోపలే పడుతుంది, నేలలోని చిల్లుల్లోంచి పోతుంది. 2023 జూలైలో 5 యూరోల టిక్కెట్టు పెట్టారు. వానరోజునే వెళ్ళండి.

ఇప్పుడు అసలు విషయం, అన్నం. వేళలే పెద్ద చిక్కు. హోటళ్ళు మధ్యాహ్నం మూడింటికి మూసేసి రాత్రి ఏడున్నరకి గాని తెరవవు. నాన్నగారికి షుగరుంటే ఆ నాలుగ్గంటలూ ప్రమాదమే. చేతిసంచిలో బిస్కట్లు, వేరుశెనగ ఉండలు ఉండి తీరాలి. మందుల చీటీ ఇంగ్లీషులో రాయించి మందులతోపాటే పెట్టుకోండి. శాకాహారులకు ముక్కల పిజ్జా ఎప్పుడూ దొరుకుతుంది. మిరియాలు, జున్నుతో చేసే "కాచియో ఎ పెపె" అమ్మలకు నచ్చుతుంది, కారం ఉంటుంది గనక. ఆ జున్ను తయారీలో గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు, నిష్ఠగలవాళ్ళకు ముందే చెప్పడం న్యాయం. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూచుంటే ఇంకో ధర. మన హోటళ్ళలో ఏసీ గదికి ఎక్కువ తీసుకున్నట్టే.

అందుకే హోటలు గది కాకుండా చిన్న వంటిల్లున్న అపార్టుమెంటు తీసుకోమంటాను. పియాజ్జా విట్టోరియో ప్రాంతం చూడండి. తెర్మీని రైల్వేస్టేషనుకు దగ్గర, మెట్రో ఉంది, పక్కనే ఎస్క్విలీనో మార్కెట్టు. అందులో బియ్యం, కందిపప్పు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర అన్నీ దొరుకుతాయి. బంగ్లాదేశ్ వాళ్ళ దుకాణాలు చుట్టూ బోలెడు. రాత్రిపూట ఆ వీధులు కాస్త గరుకుగానే ఉంటాయి, పర్సు భద్రం. కానీ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ చారు పెట్టుకుంటే ఆవిడకి ఆ ఊరు సొంతమైపోతుంది.

ఆ పియాజ్జా విట్టోరియోకి ఇంకో గొప్ప ఉంది. 1948లో వచ్చిన "బైసికిల్ థీవ్స్"లో తండ్రీకొడుకులు పోయిన సైకిల్ని వెతుక్కుంటూ మొదట వచ్చేది అక్కడి మార్కెట్టుకే. తర్వాత పోర్తా పోర్తేజె సంతకి వెళ్తారు, వాన మొదలవుతుంది. ఆ సంత ఇప్పటికీ ప్రతి ఆదివారం జరుగుతుంది. హాలీవుడ్ నిర్మాత సెల్జ్నిక్ డబ్బు పెడతానన్నాడు, కారీ గ్రాంట్‌ని హీరోగా పెట్టమన్నాడు. డి సికా ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ కార్మికుడు లాంబెర్తో మజ్జోరానీని తెచ్చి పెట్టాడు. సత్యజిత్ రాయ్ 1950లో లండన్‌లో ఆ సినిమా చూసి తన సినిమా ఎలా తియ్యాలో తేల్చుకున్నారు. బిమల్ రాయ్ 1952 ఫిలిం ఫెస్టివల్‌లో చూశాక "దో బీఘా జమీన్" తీశారు. ఊరికి బయల్దేరే ముందు ఇంటిల్లిపాదీ కూచుని చూడవలసిన సినిమా ఏదంటే నేను "రోమన్ హాలిడే" అనను, ఇదే అంటాను. కొడుకు ముందు అవమానపడే తండ్రి మొహం చూసి మీ నాన్నగారు ఏమీ మాట్లాడకుండా లేచి మంచినీళ్ళకు వెళ్ళిపోతే, మీరు వెంట వెళ్ళకండి.

ఒకరోజు చినెచిత్తాకి. 1937లో తెరిచిన స్టూడియో. మెట్రో ఏ లైనులో అదే పేరు స్టేషన్లో దిగితే గేటు ఎదురుగా ఉంటుంది. పదకొండు ఆస్కార్ల "బెన్‌హర్" (1959) రథాల పందెం అక్కడ తీసిందే. ఫెలినీకి అయిదో నంబరు ఫ్లోరంటే ప్రాణం. 1993లో ఆయన పోతే జనం చివరిచూపుకి ఆ ఫ్లోర్లోనే ఉంచారు. యుద్ధం తర్వాత కొన్నాళ్ళు ఆ స్టూడియో కాందిశీకుల శిబిరంగా కూడా ఉంది. సెట్లు చూపించే టూరుంది. మన ఫిల్మ్‌సిటీ చూసినవాళ్ళకు విస్తీర్ణం ఏమీ అనిపించదు, చరిత్ర అనిపిస్తుంది.

తిరగడానికి మెట్రో, బస్సు టిక్కెట్టు 1.50 యూరోలు, వంద నిమిషాలు చెల్లుతుంది. పదేళ్ళ లోపు పిల్లలకు అక్కర్లేదు. కార్డు నేరుగా గేటు మీద తాకించినా సరే, కానీ ఒక కార్డు ఒక మనిషికే. నాన్నగారి కార్డుతో నలుగురూ దూరిపోదామంటే కుదరదు. తెర్మీని నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64 నంబరు బస్సు జేబుదొంగలకు పేరుమోసింది. దాహానికి నీళ్ళు కొనకండి. వీధుల్లో "నసోనీ" అనే ఇనుప కుళాయిలు రెండువేల పైచిలుకు ఉన్నాయి, చల్లటి మంచినీళ్ళు ఎప్పుడూ ధార కడుతుంటాయి. బడ్జెట్టులో ఉచితమైన సుఖం అదొక్కటే.

కాల్‌షీట్లు ఎప్పుడంటే, ఏప్రిల్ సగం నుంచి మే దాకా, లేదంటే దసరా సెలవులకి. జూలై, ఆగస్టుల్లో మన ఎండలే అక్కడా ఉంటాయి. ఆగస్టు 15 పండగ చుట్టూ ఊరివాళ్ళే దుకాణాలు మూసుకుని సముద్రానికి పోతారు.

డబ్బు సంగతి మొహమాటపడకుండా మాట్లాడుకోండి. 2025లో యూరో నూరు రూపాయలు దాటింది. షెంగెన్ వీసాకే పెద్దవాళ్ళకి మనిషికి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45. నలుగురు పెద్దలు, ఒక పిల్ల అంటే 405 యూరోలు, దరఖాస్తు కేంద్రం రుసుము కాక. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. చివరి పదిహేను రోజుల దాకా లాగకండి. మూడు నెలలు ముందే వెళ్ళండి. వేలిముద్రలకు పెద్దవాళ్ళూ రావాలి. ముప్పైవేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. పెద్దవాళ్ళకున్న పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదివి కొనండి, ధర చూసి కాదు. హోటలు, విమానం వీలైనంతవరకు రద్దు చేసుకునే పద్ధతిలో బుక్ చెయ్యండి.

అన్నిటికన్నా ముందు, ఈ పత్రిక పక్కన పెట్టి బీరువాలోంచి నాన్నగారి పాస్‌పోర్టు తియ్యండి. అది ఇచ్చి పదేళ్ళు దాటకూడదు, మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా కనీసం మూడు నెలలు గడువుండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటే రేపే ఆ పని మొదలుపెట్టండి.